ఎడమవైపు వెనక డ్రమ్ము

నేను స్టేషన్‌లో అడుగుపెట్టేసరికి మెకానిక్ అక్క గోడవారన బెంచీ మీద కూర్చుని, పిన్నీసుతో గోళ్లలోని గ్రీజు తీసుకుంటోంది. ఒక పెద్దమనిషి ప్రాణం మీదికి తెచ్చిందన్న కేసులో ముద్దాయిలా లేదు. బస్సు ఆలస్యమైందని విసుక్కుంటున్న మనిషిలా ఉంది. ఆ క్షణంలోనే నాకు ఆవిడ నచ్చేసింది. ఎవరైనా నచ్చడం నా వృత్తికి మంచిది కాదని తెలుసు. తెలిసీ నచ్చింది.

ఆవిడని పెద్దా చిన్నా అందరూ అక్క అనే పిలుస్తారు. ఆవిడకన్నా చాలా పెద్దవాడైన కళ్ల డాక్టరుగారు కూడా అలాగే పిలిచేవారట. ఆ డాక్టరుగారే ఇప్పుడు ఆసుపత్రిలో తెలివి లేకుండా పడి ఉన్నారు. ఆయన దగ్గర తండ్రి నాటి పాత కారొకటి ఉంది. దాని నాలుగు చక్రాల బ్రేకులూ విప్పి, డ్రమ్ములు తుప్పు గీకి, లోపలి ముఖం లేత్ మీద పలచగా చెక్కించి, పైన కొత్త రంగు వేసి, షూలకి కొత్త లైనింగు అతికించి మళ్లీ బిగించింది మెకానిక్ అక్క. మొన్న సాయంత్రం పని పూర్తయింది. నిన్న పొద్దున్నే ఆ కారు వాలు రోడ్డులో బ్రేకు పడక, కింద మలుపు దగ్గర రాతిగోడకి గుద్దుకుంది.

నన్ను పిలిపించింది డాక్టరుగారి భార్య. ఆసుపత్రి వరండాలో నా చెయ్యి పట్టుకుని ఒకే మాట చెప్పింది. "మా ఆయన ఆ పిల్ల బిగించిన బ్రేకుల్ని నమ్మినంతగా నన్ను కూడా నమ్మలేదమ్మా. ఆవిడ తప్పు చేసిందంటే నేను ఒప్పుకోను, ఏం జరిగిందో కనుక్కో." భర్త ప్రాణానికి ఎసరు పెట్టిందని అందరూ వేలెత్తి చూపిస్తున్న మనిషి తరఫున భార్యే డిటెక్టివ్‌ని పెట్టడం నా సర్వీసులో ఇదే మొదటిసారి. అక్కడికక్కడే ఒప్పుకున్నాను.

ఎస్ఐ మంచివాడే, కాకపోతే అలిసిపోయినవాడు. ఫైలు మూసేస్తే చాలన్నట్టున్నాడు. ఆయన పెట్టిన బేరం సూటిగా ఉంది. బిగించడంలో పొరపాటు జరిగిందని అక్క ఒప్పుకుంటే చిన్న కేసు రాసి, జామీను తీసుకుని సాయంత్రానికి ఇంటికి పంపేస్తాడు. ఒప్పుకోకపోతే నాలుగు గంటలకి కోర్టుకి పంపుతాడు, అక్కణ్ణుంచి జైలుకి. అక్క షెడ్డుకి ఎలాగూ సీలు పడుతుంది. డాక్టరుగారికి ఏమైనా అయితే కేసు ఇంకా పెద్దదవుతుంది.

అక్క తమ్ముడు అప్పటికే ఆ బేరానికి ఊ కొట్టేశాడు. ఏదో పెద్ద కంపెనీ సర్వీసు సెంటర్లో పని చేస్తాడు, చొక్కా జేబు మీద వాళ్ల గుర్తు ఉంది. నిన్నటినుంచి కంటిమీద కునుకు లేదని మొహమే చెబుతోంది. లాయరుని మాట్లాడాడు, జామీనుకి మనిషిని తెచ్చాడు, అక్క కోసం నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డాడు. ఇలాంటి తమ్ముడు ఒకడుంటే చాలనిపించింది నాకు.

"ఒక్క మాట అనెయ్యక్కా, ఇంటికి పోదాం. పొరపాటు ఎవరికి జరగదు? సైడ్లు తారుమారయ్యుంటాయి, అంతే," అన్నాడు బతిమాలుతూ.

అక్క పిన్నీసు కొంగుకి గుచ్చుకుంది. "నేను చెయ్యని తప్పు నేనెందుకు ఒప్పుకుంటాను రా? ఒప్పుకుంటే రేపు నా చేతికి పానా ఎవరిస్తారు? ఇంకొకళ్ల దాకా ఎందుకు, నేనే పట్టుకోను."

తమ్ముడు నా వైపు చూసి, మీరైనా చెప్పండి మేడం అన్నాడు. లాయరు దగ్గర్నుంచి ఫోను రావడంతో గేటు అవతలికి వెళ్లిపోయాడు. నేను అక్క పక్కన కూర్చుని అడగడం మొదలుపెట్టాను.

నాకు మిషన్ల గురించి తెలిసింది శూన్యం. మా స్కూటరు ఆగిపోతే దాన్ని తిట్టడం వరకే నా విద్య. కాబట్టి అక్క నాకు మొదటినుంచి చెప్పాల్సి వచ్చింది. డ్రమ్ము లోపల రెండు షూలు ఉంటాయి. బ్రేకు నొక్కితే అవి విచ్చుకుని డ్రమ్ముని పట్టుకుంటాయి. లైనింగు అరిగేకొద్దీ షూకీ డ్రమ్ముకీ మధ్య ఎడం పెరుగుతుంది. ఆ ఎడాన్ని తగ్గించడానికే వెనక చక్రాల్లో అడ్జస్టర్ అని మరలున్న ముక్క ఒకటి పెడతారు. బండిని వెనక్కి నడిపి బ్రేకు నొక్కినప్పుడల్లా అది కాస్త తిరిగి ఎడాన్ని సరిచేస్తుంది. కుడిపక్క ముక్కకి మర ఒకవైపు తిరిగి ఉంటుంది, ఎడమపక్క దానికి రెండోవైపు. ఒకదాని చోట ఇంకోటి పడితే, వెనక్కి వెళ్లి బ్రేకు వేసినప్పుడల్లా ఎడం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. పెరిగి పెరిగి చివరికి సిలిండరు పిస్టను బయటికి తన్నుకొచ్చి ఆయిలంతా కారిపోతుంది. పాత కారు కాబట్టి నాలుగు చక్రాలకీ ఒకటే ఆయిలు గొట్టం. ఒకచోట పోతే అన్నిచోట్లా పోయినట్టే.

అక్క షెడ్డు ఇరుకు సందు చివర ఉంది. అందులోంచి ఏ బండైనా వెనక్కే రావాలి, అడుగడుక్కీ బ్రేకు తొక్కుతూ రావాలి. సందు దాటగానే వాలు రోడ్డు. డాక్టరుగారు నిన్న పొద్దున అలాగే వచ్చారు. భార్య పుట్టినరోజని, నిద్ర లేచేసరికి కారుని గుమ్మంలో నిలబెట్టి ఆవిణ్ణి ఆశ్చర్యపరచాలని, తన దగ్గరున్న రెండో తాళంచెవితో ఎవరికీ చెప్పకుండా తీసుకెళ్లారు. అక్క బండ్లని షెడ్డు ముందు రేకుల పందిరి కింద పెడుతుంది, లోపలి గది ఒక్కదానికే తాళం.

"మరి రెండు పక్కల ముక్కలూ తారుమారయ్యే అవకాశం లేదా?" అని అడిగాను.

"ఒక పక్క మూసేశాకే నేను రెండో పక్క తెరుస్తాను మేడం. తెరిచినదాన్ని బిగించేటప్పుడు మూసి ఉన్న పక్కది ఎలా ఉండాలో మనసులో ఉంటుంది, పైగా ముక్కలు కలవవు. రెండు పక్కలవీ ఒకేసారి నా బల్ల మీద ఎప్పుడూ ఉండవు. ఒకేసారి లేనివి ఒకదానితో ఒకటి ఎలా మారతాయి?"

"అది ఆవిడ మాట, సాక్ష్యం కాదు," అన్నారు వెనకనుంచి ఎవరో.

గొంతు వినగానే ఒళ్లు మండింది. ఇన్సూరెన్సు కంపెనీ సర్వేయరు. ఈయనకీ నాకూ ఇది నాలుగో కేసో అయిదో కేసో. వేసవిలో కూడా చొక్కా మడత నలగదు, అందుకని నేను ఇస్త్రీ అని పేరు పెట్టాను. ఆయన నాకు ఏ పేరు పెట్టాడో తెలియదు గాని, మర్యాదైనది మాత్రం అయ్యుండదు. ఎస్ఐ చేతిలో ఉన్న రిపోర్టు ఈయనదే. వెనక చక్రాల అడ్జస్టర్లు కుడి ఎడమలు తారుమారయ్యాయి, మెకానిక్ నిర్లక్ష్యం, అని అందులో రెండు ముక్కల్లో తేల్చేశాడు.

"మేడంగారికి ఈసారి బ్రేకుల మీద ఆసక్తి కలిగిందన్నమాట," అన్నాడు నవ్వుతూ.

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఆయన అంటాడు. తప్పు. ముక్కు దాకా ఎక్కే ఓపిక దానికి ఉండదు, నోట్లోనే ఉంటుంది. అయినా ఆ పూట నాలుక మడిచి పెట్టుకుని, డ్రమ్ములు మీరే స్వయంగా తెరిచి చూశారా అని మాత్రం అడిగాను.

"తెరిచాను కాబట్టే రాశాను."

"రెండూనా?"

"మేడంగారూ, నేను ఈ పనిలో తల నెరిసినవాణ్ణి," అన్నాడు. అడిగినదానికి అది జవాబు కాదు. ఆయనకి నిజంగానే తల నెరిసింది, కాని నేను దాని గురించి అడగలేదు.

కారుని ఒకసారి చూడనివ్వమని ఎస్ఐని అడిగాను. ఇస్త్రీ వద్దన్నాడు, తనిఖీ అయిపోయిన బండిని మళ్లీ కెలికితే సాక్ష్యం పాడవుతుందన్నాడు. నా క్లయింటు ఆ కారు యజమాని భార్య, ఆవిడ కారుని ఆవిడ తరఫు మనిషి చూడకూడదని ఏ చట్టంలో ఉందో చెప్పమన్నాను. ఎస్ఐ గడియారం చూసుకున్నాడు. రెండు దాటింది. నాలుగింటికి వ్యాను వస్తుంది, ఈలోపు ఏం చూసుకుంటారో చూసుకోండి, మా కానిస్టేబులు ఫోన్లో వీడియో తీస్తాడు, అన్నాడు.

స్టేషన్ వెనక పట్టుబడిన బండ్లు పెట్టే ఆవరణలో ఉంది కారు. ముందు భాగం నుజ్జునుజ్జయి, అద్దం పగిలిపోయి, వెనకనుంచి చూస్తే మాత్రం ఎక్కడా గీత కూడా లేకుండా ఉంది. ఇనప స్టాండ్ల మీద ఎత్తి నిలబెట్టి, నాలుగు చక్రాలూ తీసేశారు. ఎడమవైపు వెనక డ్రమ్ము ఊడదీసి గోనెపట్టా మీద పెట్టి ఉంది. ఆయిలు కారి నేలంతా నల్లగా మరకలు కట్టింది. మిగతా మూడు డ్రమ్ములూ వాటి చోట్ల అవి ఉన్నాయి, కొత్త నల్లరంగుతో నిగనిగలాడుతున్నాయి.

నేను కుడివైపు వెనక డ్రమ్ము ముందు చతికిలబడ్డాను. డ్రమ్ముని రెండు స్క్రూలు పట్టి ఉంచాయి. వాటి తలల మీద స్క్రూడ్రైవరు పెట్టే గాడి ఉండాలి. గాడి నిండా రంగు నిండి, ఎండి, నున్నగా ఉంది. గోటితో నొక్కి చూశాను. ఎక్కడా చిట్లలేదు.

అక్కని బయటికి రప్పించమన్నాను. ఇలా ఎందుకుందని అడిగితే, స్క్రూలు బిగించాకే ఆఖరి పూత వేస్తాను మేడం అంది. గాడిలో నీళ్లు నిలిస్తే స్క్రూ తుప్పు పట్టి మళ్లీసారి ఊడిరాదట. ఆ పూత చిట్లకుండా ఆ డ్రమ్ముని ఎవరూ విప్పలేరు.

నేను లేచి చేతులు దులుపుకున్నాను. "సర్వేయరుగారూ, దీన్ని ఏ స్క్రూడ్రైవరుతో తెరిచారు? రంగు కూడా చెదరకుండా పనిచేసేది ఉంటే నాకూ ఒకటి ఇప్పించండి."

ఇస్త్రీ నీళ్లు నమిలాడు. ఎడమపక్క తెరిస్తే అందులో కుడిపక్క ముక్క కనిపించింది, అంటే కుడిపక్కన ఎడమది ఉన్నట్టేగా, చిన్నపిల్లాడైనా చెబుతాడు, అన్నాడు. చూడకుండానే చూశానని రాశారన్నమాట, అన్నాను. ఆయన మెడ ఎర్రబడింది. కానిస్టేబులు ఫోను కాస్త దగ్గరికి తెచ్చాడు.

"తెరవండి," అన్నాడు ఎస్ఐ. ఆ గొంతులో అలసట తగ్గింది.

అక్కే తెరిచింది. ఎడమచేతి వాటం మనిషి. స్క్రూడ్రైవరు ఎడమ చేత్తో పట్టుకుని, గాడిలో రంగు పగలగొట్టి, స్క్రూలు తీసి, డ్రమ్ము అంచు మీద చెక్క సుత్తితో రెండు వైపులా మెల్లిగా తట్టింది. డ్రమ్ము ఆవిడ ఒళ్లోకి వచ్చేసింది. లోపల షూలు, స్ప్రింగులు, అడుగున అడ్జస్టర్. అక్క గుడ్డతో తుడిచి, మరలు కనిపించేలా పక్కకి జరిగింది. ఇస్త్రీ మోకాలి కింద రుమాలు పరుచుకుని వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

కుడిపక్కన కుడిపక్క ముక్కే ఉంది.

అంటే ఏదీ తారుమారు కాలేదు. ఎడమపక్కన ఉన్నది బయటినుంచి వచ్చిన మూడో ముక్క. ఎడమపక్క అసలు ముక్క ఎక్కడా లేదు. ఇది ఎస్ఐకి అర్థమవుతున్న కొద్దీ ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. నేను ఇస్త్రీ వైపు చూసి నవ్వాను, నా తప్పు, నవ్వకుండా ఉండాల్సింది. నవ్వితే ఆయన బుర్ర ఇంకా చురుగ్గా పనిచేస్తుంది.

"అయితే ఏమైంది?" అన్నాడు రుమాలు దులుపుతూ. "షెడ్డులో పాత ముక్కలు బోలెడుంటాయి. చేతికందింది వేసేసింది. తారుమారు కాదు, ఇంకో పొరపాటు. పొరపాటు పొరపాటే. ఎడమ డ్రమ్ముని ఆవిడ మూశాక ఇంకెవరో తెరిచారనడానికి ఏముంది మీ దగ్గర?"

ఏమీ లేదు. ఎడమపక్క స్క్రూల మీద రంగు సాక్ష్యం చెప్పి ఉండేది. దాన్ని ఇస్త్రీయే నిన్న తన స్క్రూడ్రైవరుతో పగలగొట్టేశాడు. అది తలచుకుంటే ఆ మడత నలగని చొక్కా మీద ఈ బ్రేక్ ఆయిలంతా కుమ్మరించాలనిపించింది.

మిషన్లు నాకు అర్థం కావు గాని, చేతులు అర్థమవుతాయి. ఎవరు కప్పు ఎలా పట్టుకుంటారు, ఎవరు చెప్పులు ఎలా విడుస్తారు, ఇన్నేళ్లుగా అన్నం పెట్టింది నాకు అదే. కుడి డ్రమ్ము లోపలికి మళ్లీ చూశాను. షూలని లాగి పట్టే స్ప్రింగులకి చివర కొక్కేలున్నాయి. షూకి తగిలించాక ఆ కొక్కెం కొసని ఎవరో కటింగ్ ప్లేయరుతో పట్టుకుని కాస్త మెలితిప్పారు. రెండు స్ప్రింగుల కొసలూ ఎడమవైపుకే తిరిగి ఉన్నాయి. ఇదేమిటని అక్కని అడిగాను.

"మా నాన్న పద్ధతి. కంపెనీ వాళ్లు ఎవరూ అలా చెయ్యరు, అక్కర్లేదంటారు. కుదుపులకి కొక్కెం జారకూడదని మా నాన్న అలా నేర్పాడు. చెయ్యకుండా వదిలెయ్యమన్నా నా చెయ్యి ఊరుకోదు."

ముందు డ్రమ్ములు రెండూ కూడా తెరవమన్నాను. గంట మూడున్నర అవుతోందని ఇస్త్రీ గొణిగాడు. ఎస్ఐ వినిపించుకోలేదు. ఆ రెండిటి స్క్రూల మీదా రంగు చెక్కుచెదరకుండా ఉంది. లోపల ప్రతి కొక్కెం కొసా ఎడమకే తిరిగి ఉంది. నేను వెళ్లి ఎడమవైపు వెనక చక్రం ముందు కూర్చున్నాను. అక్కడా రెండు కొక్కేలూ మెలితిరిగి ఉన్నాయి.

కుడివైపుకి.

తెరిచినప్పుడు మీరు ఈ స్ప్రింగుల్ని ముట్టుకున్నారా అని ఇస్త్రీని అడిగాను. ముట్టుకోలేదు, ఫొటోలున్నాయి, అన్నాడు. చెప్పగానే తన ఫొటోలే తీసి చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. చాలా ఏళ్లలో మొదటిసారి మేమిద్దరం ఒకే విషయం ఆలోచిస్తున్నాం. మూడు చక్రాలు ఒక చేతివి. నాలుగోది ఇంకో చేతిది. కాని ఆ ఇంకో చేతికి కూడా ఈ పద్ధతి తెలుసు.

అక్క వచ్చి ఆ చక్రం ముందు కూర్చుంది. కొక్కేన్ని వేలితో తడిమింది. నేను చెప్పక ముందే, నేను అడగక ముందే ఆవిడ అక్కడ అలా ఉండిపోయింది. తర్వాత లేచి నిలబడి ఎస్ఐ వైపు తిరిగింది.

"పొరపాటు నాదే సార్. రాసుకోండి."

పొద్దుటినుంచి స్టేషనంతా ఒక్కటై వంచినా వంగని మనిషి, గెలిచే క్షణంలో తలొంచింది. ఇస్త్రీ మొహం వెలిగిపోతుందనుకున్నాను, వెలగలేదు. ఆయన కూడా బిత్తరపోయి చూస్తున్నాడు. ఎస్ఐ ఏమిటమ్మా ఇది అన్నాడు. కోర్టుకి పంపండి సార్, ఆ వ్యానేదో త్వరగా రమ్మనండి, అంది అక్క.

నేను ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని ఆవరణ మూలనున్న కొళాయి దగ్గరికి లాక్కెళ్లాను. ఒళ్లంతా మండిపోతోంది నాకు. మీ నాన్న ఈ పద్ధతి ఎంతమందికి నేర్పాడని అడిగాను. ఆవిడ కొళాయి తిప్పి చేతులు కడుక్కుంటూ, తప్పు నాదన్నానుగా మేడం, ఇంక వదిలెయ్యండి, అంది.

"వదలను. మీరు ఒప్పుకున్నా నేను ఒప్పుకోను. ఆ చెయ్యి ఎవరిదో మీకు తెలుసు. డాక్టరుగారి మీద ఆ మనిషికి ఏం పగ?"

"పగేమీ లేదు. డాక్టరుగారంటే వాడికి ప్రాణం. చిన్నప్పుడు వాడి కన్ను ఆయనే బాగుచేశారు." అని నాలుక కరుచుకుంది.

అందుకే అడిగాను, అసలు అడగాల్సింది. ఈ కారు డాక్టరుగారికి ఎప్పుడివ్వాలి? నిన్న మధ్యాహ్నం, అంది. ఇచ్చేముందు దాన్ని ఎవరు నడిపి చూస్తారు?

"డ్రమ్ము మూసిన మనిషే," అంది అక్క, అలవాటుగా, ఆలోచించకుండా. "మా షెడ్డులో అంతే. మూసిన మనిషి ఒంటరిగా సందులోంచి వెనక్కి తీసి, వాలు దిగి, ఎక్కి రావాలి. ఆ తర్వాతే బండి యజమానిది. నాన్న ఉన్నప్పటినుంచీ..."

ఆగిపోయింది. కొళాయి నీళ్లు చేతుల మీదినుంచి పోతున్నాయి. డాక్టరుగారు ముందే వచ్చి కారు తీసుకెళ్తారని ఈ లోకంలో ఎవరికీ తెలియదు. ఆ ముక్క పెట్టినవాడికి తెలిసిందల్లా నిన్న ఆ వాలు ఎవరు దిగుతారన్నదే. ఇది ఆవిడకి నేను చెప్పక్కర్లేదు.

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే నేనూ ఏడ్చేదాన్ని. మొహం మీద నీళ్లు కొట్టుకుని, కొంగుతో తుడుచుకుని, కొళాయి కట్టేసింది.

"షెడ్డు నాన్న నాకిచ్చాడని వాడి బాధ. నాకివ్వు, లేదా మూసెయ్యి అని ఏడాదిగా అడుగుతున్నాడు. నేను బతికుండగా మూయనన్నాను," అంది. తర్వాత గేటు వైపు చూసింది. "బయటే ఉన్నాడా?"

ఉన్నాడన్నాను. లోపలికి పిలవమంది. ఏం చెయ్యబోతోందో నాకు అప్పుడు అర్థమైంది. ఎస్ఐ దగ్గరికెళ్లి చెవిలో నాలుగు మాటలు చెప్పాను. ఆశ్చర్యం ఏమిటంటే, కానిస్టేబుల్ని సరైన చోట నిలబెట్టింది ఇస్త్రీ. వెలుతురు ఇటునుంచి పడుతుంది, చక్రం మీదికి పట్టు, ఆపకు, అని చెప్పాడు.

తమ్ముడు వచ్చేసరికి అక్క కుడివైపు వెనక చక్రం ముందు కూర్చుని ఉంది. ఒక స్ప్రింగు విప్పి చేతిలో పట్టుకుంది. లాయరు వస్తున్నాడక్కా, సంతకం పెట్టి బయటపడదాం, అన్నాడు వాడు. ఒప్పుకున్నాను రా, అంది అక్క. వాడి భుజాలు కిందికి దిగాయి, ఊపిరి తేలిగ్గా తీసుకున్నాడు.

"తెరిచి చూశారు, మళ్లీ మూసెయ్యమంటున్నారు. చెయ్యి వణుకుతోంది రా. ఈ స్ప్రింగొకటి తగిలించు."

వాడు ఏమీ అనుకోకుండా గొంతుకూర్చున్నాడు. ప్లేయరు కుడిచేత్తో అందుకుని కొక్కేన్ని కన్నంలోకి లాగి తగిలించాడు. ఎంత చక్కటి పనివాడో చూస్తేనే తెలుస్తోంది. తగిలించాక చెయ్యి ఆగలేదు. కొసని పట్టుకుని, మణికట్టుతో ఒక్క మెలి తిప్పాడు, కుడివైపుకి.

ప్లేయరు కింద పెట్టి వాడు తలెత్తాడు. కానిస్టేబులు చేతిలో ఫోను చూశాడు, ఎస్ఐని చూశాడు. మళ్లీ వంగి తను తిప్పిన కొక్కేన్నీ, దాని పక్కనే ఎడమకి తిరిగి ఉన్న అక్క కొక్కేన్నీ చూశాడు. కారు అవతలి వైపున ఉన్న ఎడమ చక్రం గుర్తుకొచ్చినట్టుంది.

"డాక్టరుగారు ముందే వచ్చి తీసుకెళ్తారని నాకేం తెలుసక్కా," అన్నాడు.

ఆ మాట ఏం చెప్పిందో వాడికి అన్నాక తెలిసింది. వెంటనే గుక్క తిప్పుకోకుండా మాట్లాడేశాడు. చంపాలని కాదు, ఒట్టు, చిన్న దెబ్బ తగిలితే భయపడి నీ అంతట నువ్వే పని మానేస్తావనుకున్నాను, ఏదో కాస్త గీసుకుంటుందనుకున్నాను, అంటూ అక్క చెయ్యి పట్టుకోబోయాడు.

అక్క చెయ్యి ఇవ్వలేదు. "ఆ వాలులో బ్రేకు లేకుండా దిగితే కాస్త గీసుకుంటుందని నీకెవరు నేర్పార్రా? నాన్నయితే నేర్పలేదు."

ఎస్ఐ ముందుకొచ్చి వాడి భుజం మీద చెయ్యి వేశాడు. అక్క లేచి నిలబడి, ఇందాక అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను సార్, పొరపాటు నాది కాదు, అది కూడా రాసుకోండి, అంది. ఆ తర్వాత తమ్ముడి ముందు చెయ్యి చాపింది.

"షెడ్డు తాళంచెవి."

వాడు జేబులోంచి తీసి ఇచ్చాడు. లోపలి గదికి రెండో తాళంచెవి వాడి దగ్గర ఉందని అక్కకి తప్ప మాకెవరికీ అప్పటిదాకా తెలియదు. ఆ పాత ముక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో, పనిముట్లు ఎవరివో అంతా అందులోనే తేలిపోయింది. ఎస్ఐ చప్పున చెయ్యి అడ్డం పెట్టి, అది సాక్ష్యం, నాకివ్వాలమ్మా అన్నాడు.

అక్క గుప్పిట బిగించింది.

"తాళం మార్చాక ఇస్తాను," అంది.